ఇక్కడ చరిత్ర లేదట!

"అన్నీ ఉన్నాయి గానీ, ఈ దేశంలో చరిత్ర లేదండీ." అమెరికాలో తెలుగువాళ్ళు నలుగురు కూడిన చోట, భోజనాలు ముగిసి వక్కపొడి డబ్బా చేతులు మారే వేళకు, ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. మిగతావాళ్ళు నిట్టూరుస్తారు. ఒకాయన రోములో తాను చూసివచ్చిన కొలోసియం సంగతి ఎత్తుకుంటాడు. ఇంకొకాయన, "అంత దూరం ఎందుకండీ, మా నల్లగొండలో ఏ గుట్ట ఎక్కినా వెయ్యేళ్ళ గుడి ఉంటుంది" అంటాడు. ఏ గుట్ట అని అడిగారో, సంభాషణ హైదరాబాదు స్థలాల ధరల మీదికి మళ్ళుతుంది.

ఈ మాట వెనుక బాధ లేదని నేననను. ఊరి దారిలో కాలికి తగిలిన రాయి ఏ కాలానిదో తెలియకపోయినా, తాతల నాటిదని మాత్రం తెలుస్తూ ఉండే చోటు నుండి వచ్చినవాళ్ళం. ఇక్కడి పేటలు చూస్తే మొన్న చెక్కతో లేపినట్టు ఉంటాయి. నూరేళ్ళ ఇల్లు కనబడితే దానికి ఇత్తడి ఫలకం తగిలించి ఉంటుంది. మనసుకు వెలితిగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ మాట రెండు వైపులా అబద్ధం. వట్టి అబద్ధమైతే నవ్వి ఊరుకుందును. దీని ఖరీదు అక్కడ, మన ఊళ్ళలో, గుడి గోడలు చెల్లించుకుంటున్నాయి గనుక వ్రాస్తున్నాను.

మొదటి అబద్ధం త్వరగా తేలిపోతుంది. సెయింట్ లూయిస్ నగరం నుండి మిసిసిపి నది దాటితే కహోకియా అనే చోటు ఉంది. క్రీ.శ. 1050 నుండి 1200 దాకా వేలమంది నివసించిన నగరం అది. బుట్టలతో మన్ను మోసి పోసిన పెద్ద దిబ్బ ఇప్పటికీ సుమారు నూరడుగుల ఎత్తున నిలిచి ఉంది. 1982 నుండి యునెస్కో జాబితాలో ఉంది కూడా. ఈ దేశంలో చరిత్ర లేదన్న మాట, ఆ నగరం కట్టినవాళ్ళ వారసులను తరిమి భూములు పంచుకున్నవాళ్ళకు పనికివచ్చిన మాట. మనం దాన్ని గ్రీన్‌కార్డుతో బాటు చేత పుచ్చుకున్నాం.

రెండవ అబద్ధం మన సొంతం. అక్కడ ఉండగా చరిత్ర మన దగ్గర ఉండేదనీ, విమానమెక్కాక పోయిందనీ కదా మన ఫిర్యాదు. మన దగ్గర ఎప్పుడుంది?

పిల్లలమర్రి ఎక్కడుందని అడిగి చూడండి. పాలమూరు మనిషి మహబూబ్‌నగర్ పక్కనున్న మర్రిచెట్టని చెబుతాడు. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే మాను. 2018లో చెదలు తొలిచేస్తుంటే సెలైన్ సీసాల్లో మందు కలిపి కొమ్మలకు ఎక్కించారు. నల్లగొండ మనిషి సూర్యాపేట దగ్గరి ఊరని చెబుతాడు. అక్కడ కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళున్నాయి. వాటిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించినది ఎరకసానమ్మ అనే స్త్రీ. ఇద్దరూ తమ తమ జవాబుతో సంతృప్తిపడతారు. ఎరకసానమ్మ పేరు చెప్పేవాళ్ళు వందలో ఒక్కరుంటే గొప్ప.

పానగల్లు సంగతి చూడండి. నల్లగొండ ఊరికి ఆనుకునే ఉంది. కందూరు చోడుల రాజధాని అది. వాళ్ళ పేరులోని కందూరు పాలమూరులోది. అంటే ఇవాళ రెండు జిల్లాలవాళ్ళం వేర్వేరు పేర్లతో సంఘాలు పెట్టుకుని వేర్వేరుగా బెంగపడుతున్నాం గానీ, తొమ్మిది వందల ఏళ్ళ క్రితం రెండూ ఒక ఏలుబడిలోవే. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్ళు. వాటిలో ఒకదానిలో లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. ఏ ఒక్క స్తంభం నీడా కాదది. ఎదుట ఉన్న స్తంభాల అమరిక వల్ల, వేర్వేరు దిక్కుల నుండి వచ్చే వెలుతురు వల్ల ఏర్పడే నీడ. కట్టినవాడికి వెలుతురు సంగతి ఎంత తెలిసి ఉండాలి! కొంచెం అవతల పచ్చల సోమేశ్వరాలయం. దాని గోడల మీద రామాయణ భారత కథలు వరుసగా చెక్కి ఉన్నాయి, పక్కనే ప్రదర్శనశాల. ఆ కాలపు చెరువు ఉదయసముద్రం ఎండిపోయి పేరు మాత్రం మిగుల్చుకున్నదీ కాదు. కృష్ణ నీళ్ళు ఎత్తిపోసి నింపుకునే జలాశయంగా ఈనాటికీ పని చేస్తోంది. ఇటువంటి ఊరి పక్కన ఇంటర్మీడియెట్ దాకా చదివి, ఒక్కసారీ లోపలికి తొంగిచూడకుండా ఎంసెట్ కోచింగుకు బస్సెక్కినవాళ్ళు ఇవాళ షికాగోలో కూర్చుని చరిత్ర లేదని నిట్టూరుస్తుంటే, ఏమనాలి?

లేదు అన్న మాటకు ఎలా జవాబు చెప్పాలో మన జిల్లా మనిషే ఒకాయన చూపించాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ధోరణిలో ఎవరో వ్రాస్తే, అలంపురం దగ్గరి ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి కోపగించుకుని నాలుగు వ్యాసాలు వ్రాసి ఊరుకోలేదు. ఊరూరి నుండీ కవుల పేర్లూ పద్యాలూ తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు. లేరన్నవాడి ముందు లెక్క పెట్టి చూపించాడు. తరువాత 1949లో ఆయన వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల పట్టాభిషేకాల కన్నా జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నవే ముఖ్యం. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, ఆయన పోయిన రెండేళ్ళకు 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. చరిత్ర కోసం తపిస్తున్నామనే మన ఇళ్ళలో ఎన్ని అలమరల్లో ఆ పుస్తకం ఉంది? కాశ్మీరీ శాలువాలు కప్పిన సన్మానాల ఫోటోలు మాత్రం ఉంటాయి.

అయితే మనం ఏమీ తెచ్చుకోలేదని కాదు. పిట్స్‌బర్గులో వేంకటేశ్వరుడి గుడి 1976లోనే లేచింది. తరువాత లేచినవాటికి లెక్క లేదు. బతుకమ్మ వచ్చింది, తంగేడు దొరకని దేశంలో దొరికిన పూలతోనే పేరుస్తున్నారు, ఆ తల్లుల ఓపికకు దండం పెట్టాలి. నా పేచీ తెచ్చుకున్నవాటితో కాదు. తెచ్చుకోకుండా వదిలేసినవి ఏవో, ఎందుకో, ఎవరూ అడగరేమని.

పీరీల పండుగ ఎందుకు రాలేదు? నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పుట్టిన ఏ హిందువు చిన్నతనంలోనూ అలాయి గుండం చుట్టూ ఆట లేకుండా లేదు. పీరీలను ఎత్తుకున్న చేతులు చాలా ఊళ్ళలో హిందువులవే. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకున్న ఇళ్ళు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల నిండుగా ఉన్నాయి. ఆ పేర్ల అర్థం ఇక్కడ పుట్టిన పిల్లలకు ఎవరు చెబుతున్నారు? మన సంస్కృతి అని మనం మూట కట్టినప్పుడే దాన్ని పక్కకు తీసి పెట్టాం.

కురుమూర్తి ఉద్దాలు ఎందుకు రాలేదు? ఇది తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. పాలమూరు జిల్లా చిన్నచింతకుంట దగ్గర కొండ మీద కురుమూర్తి స్వామి. వేంకటేశ్వరుడే. దీపావళి వెళ్ళాక జాతర. ఆ జాతరలో అసలు ఘట్టం స్వామి నగలూ కాదు, రథమూ కాదు, ఉద్దాలు. అంటే చెప్పులు. చిన్నవడ్డెమాన్‌లో మాదిగలు నియమంతో ఉండి తమ చేతులతో తోలు కోసి, కుట్టి, స్వామికి పాదరక్షలు తయారుచేస్తారు. వాటిని ఊరేగింపుగా కొండకు తీసుకువెళతారు. దారి పొడుగునా జనం. ఊళ్ళో ఆ చేతుల నీళ్ళు తాగని కులాలవాళ్ళు కూడా ఆ రోజు ఆ చేతుల పని కోసం దారి కాస్తారు. ఇందులో ఉన్న ఎక్కసెక్కమంతా తెలిసే చెబుతున్నాను. ఏడాదికొక్క రోజు గౌరవంతో కులం కడుక్కుపోదు. కానీ మన వేంకటేశ్వరుడంటే ఇదీ. ఇక్కడి గుళ్ళలో తిరుమల సేవలన్నీ పేరుపేరునా జరుగుతాయి. స్వామికి చెప్పులు కుట్టే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న మాత్రం అక్కడ పుట్టదు.

కిన్నెర సంగతి మరీ విచిత్రం. నల్లమల అంచున పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతూ తిరిగిన దర్శనం మొగులయ్య మనకు తెలిసింది 2021లో, భీమ్లా నాయక్ సినిమా పాటకు ముందు ఆయన గొంతు వినబడ్డాక. 2022లో పద్మశ్రీ వచ్చాక వాట్సాపులో ఫోటోలు పంచుకున్నాం. ఆ కిన్నెర మన చిన్నప్పుడు మన వాకిళ్ళ ముందుకే వచ్చేది. గింజలు వేసి పంపించేవాళ్ళం, పాట పూర్తిగా వినకుండా.

ఇంకొకటి ఉంది, మాట్లాడటానికి ఎవరూ ఇష్టపడనిది. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. అప్పటి నుండి పల్లెల్లో జనం దాన్ని 'సంగం' అన్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల తుపాకీకి బలి అయ్యాడు. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. ఆ తరువాత 1951 దాకా జరిగినది ప్రపంచంలో రైతుపోరాటాల చరిత్ర వ్రాసే ఎవరూ దాటిపోలేనిది. 1952 ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు నెహ్రూకు పడినవాటి కన్నా ఎక్కువ ఓట్లు వేసి రావి నారాయణరెడ్డిని పార్లమెంటుకు పంపారు. చరిత్ర అంటే ఇంతకన్నా ఏం కావాలి? కానీ మన వేదికల మీద ఇది వినబడదు. వినబడితే, ఎవరి తాత గడీలో ఉన్నాడో, ఎవరి తాత గడీ ముందు చేతులు కట్టుకుని "బాంచెన్" అన్నాడో తేల్చుకోవలసి వస్తుంది. పాత గడీ ఫోటో పెట్టి "ఆ వైభవమే వేరు" అని వ్రాసుకునేవాళ్ళను చూశాను. ఆ గోడలు లేపిన వెట్టి గురించి ఒక్క వాక్యం ఉండదు.

మాటల్లోనే మన సంగతి బయటపడుతుంది. మనం ఊరు విడిస్తే అది 'ప్రవాసం'. పాలమూరు కూలీ ఊరు విడిస్తే 'వలస'. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ళకు అప్పగించి, ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసినవాళ్ళకు 'పాలమూరు లేబర్' అని పేరు. వాళ్ళూ పండుగలకు దూరమైనవాళ్ళే. ఇంకా వెనక్కి పోతే, నిజాం ఇలాకా నుండి బొంబాయికి పోయి కట్టడాల పని చేసిన తెలుగువాళ్ళు కామాఠీలు. కామాఠిపురకు ఆ పేరు వాళ్ళ వల్ల వచ్చినదే. ఆ పేట పేరు వింటే ఇవాళ జనానికి వేరే సంగతి గుర్తుకు వస్తుంది, కట్టినవాళ్ళు గుర్తుకు రారు. వాళ్ళ బెంగ గురించి ఎవరూ సావనీరు వేయలేదు.

ఇక ఎక్కడికీ వలస పోకుండానే చరిత్ర పోగొట్టుకున్నవాళ్ళున్నారు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల మొదట్లో, కర్నూలు మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు నూరు ఊళ్ళు మునిగాయి. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండేది, చాళుక్యుల నాటిది. దాని రాళ్ళకు ఒక్కొక్కదానికీ అంకె వేసి, విప్పి, అలంపురానికి తెచ్చి మళ్ళీ అదే వరుసలో పేర్చారు. మంచి పనే చేశారు; అటువంటి పనికి అలంపురం చరిత్రను ఊపిరిగా పెట్టుకున్న గడియారం రామకృష్ణశర్మ వంటివారు అప్పుడు ఉండబట్టి మాట వినబడింది. కానీ ఊళ్ళకు అంకెలు వేయలేదు. ఎవరి ఇల్లు ఎవరి ఇంటి పక్కన ఉండేదో, ఏ వేపచెట్టు కింద పంచాయితీ జరిగేదో, ఆ వరుసలో ఎవరూ తిరిగి పేర్చలేదు. అక్కడి ముసలివాళ్ళు ఎండాకాలం నీరు తగ్గినప్పుడు తమ ఊరి గోడలు చూడటానికి బురదలో దిగి వెళతారు. చరిత్రకు దూరమయ్యామని అనే హక్కు ఎవరికైనా ఉంటే, వాళ్ళకు ముందుంది. మనకు టికెట్టు కొనుక్కుంటే చాలు.

"మీరు మరీ కటువుగా మాట్లాడుతున్నారు, బెంగకు కూడా లెక్కలు అడుగుతారా?" అనవచ్చు. అడగకపోదును, ఆ బెంగ ఇంట్లో కూర్చుని ఏడిస్తే. అది డబ్బు పంపుతోంది. జీర్ణోద్ధరణ అన్న పేరుతో మన ఊళ్ళలో ఏం జరుగుతోందో వెళ్ళి చూడండి. కాకతీయుల నాటి నల్లరాతి స్తంభానికి వెండిరంగు ఎనామిల్ పెయింటు. నేల మీద చెక్కిన ముగ్గుల మీద స్నానాల గదికి వేసే టైల్సు. శిల్పాల ముక్కులూ వేళ్ళూ అరిగిపోయేటట్టు ఇసుకను యంత్రంతో కొట్టి "శుభ్రం" చేయడం. వీరగల్లు గుడి ముందు అడ్డంగా ఉందని పెకలించి ప్రహరీగోడలో వేయడం. పక్కన కొత్త సిమెంటు తోరణం, దాని మీద దాతల పేర్లు, పేరు పక్కన ఊరు: డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ. చరిత్ర లేని దేశంలో ఉన్నామని కుమిలిపోయినవాళ్ళే, చరిత్ర ఉన్న చోట దాన్ని ఇలా చెరిపిస్తున్నారు. దురుద్దేశం ఏమీ లేదు. ఏది పాతదో తెలియకపోవడమే, తెలుసుకోకుండానే ప్రేమించడమే.

ఆ ప్రేమ ఎంతదో పరీక్షించే అవకాశం ఒకసారి కాళ్ళ దగ్గరికే వచ్చింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి, 2016 దాకా మన నల్లగొండే, అక్కడి గుట్ట మీద ఇక్ష్వాకుల కాలపు బౌద్ధక్షేత్రం ఉంది. బుద్ధుని జీవితఘట్టాలు చెక్కిన తోరణపు దూలాలు అక్కడి తవ్వకాల్లో దొరికాయి. 2024లో అదే చోట మట్టికుండలో 3,730 సీసపు నాణాలు బయటపడ్డాయి. ఆ ఫణిగిరి శిల్పాలు 2023 జూలై నుండి నవంబరు దాకా న్యూయార్కులో, మెట్రోపాలిటన్ మ్యూజియంలో, 'చెట్టూ పామూ' అన్న అర్థం వచ్చే పేరుతో జరిగిన ప్రదర్శనలో ఉన్నాయి. నల్లగొండ రాయి మన్‌హట్టన్‌కు వచ్చింది! నాలుగు నెలలు ఉంది. ఎడిసన్ నుండి రైలెక్కితే గంట ప్రయాణం. ఆ వేసవిలో నేను హాజరైన మూడు తెలుగు సమావేశాల్లో ఒక్క నోటి వెంటా ఫణిగిరి మాట రాలేదు. చరిత్ర లేదన్న మాట మూడింటిలోనూ వచ్చింది.

మా ఊరి శివాలయానికి కూడా ఈ మధ్య చందా పట్టీ వచ్చింది. ఊరి పేరు చెప్పను, కమిటీలో ఉన్నవాళ్ళు మంచివాళ్ళు. అంచనా కాగితంలో గ్రానైటు, రంగులు, స్వాగత తోరణం ఉన్నాయి. ద్వారం పక్కన నిలబెట్టి ఉన్న శాసనం రాయి ఎక్కడికి పోతుందని ఫోనులో అడిగాను. "అది పాతగైందన్నా, అక్షరాలు గూడ కనిపిస్తలేవు. తీసి కొత్తది పెడ్తం. దాని మీద నీ పేరు గూడ చెక్కిపిస్తం" అన్నాడు తమ్ముడి వరస అబ్బాయి, ఎంతో ఆప్యాయంగా. ముందు ఆ రాయికి కాగితం మీద అచ్చు తీయించమనీ, నాలుగు వైపులా ఫోటోలు పంపమనీ, పురావస్తు శాఖవాళ్ళను పిలిచి చూపించమనీ, ఆ ఖర్చంతా నాదేననీ చెప్పాను. నా పేరు ఎక్కడా వద్దన్నాను. గ్రానైటుకు మాత్రం ఒక్క రూపాయి పంపనన్నాను. కమిటీతో మాట్లాడి చెబుతానన్నాడు. మూడు వారాలైంది. నిన్న వాట్సాపులో ఒక ఫోటో వచ్చింది: గుడి ముందు లారీ నుండి దించిన టైల్సు పెట్టెలు, వాటి వెనుక శాసనం రాయి, దాని మీద ఎవరో ఆరబెట్టిన తువాలు.